కంచెకు కాపలా

కంచే చేను మేస్తే ఇక కాపెవరని మన పెద్దవాళ్ళు అడిగారు. బాగానే అడిగారు గానీ ఒక్క సంగతి చెప్పకుండా వదిలేశారనిపిస్తుంది నాకు. తాను మేస్తున్నానన్న సంగతి ఆ కంచెకి తెలుసా? తెలిసి మేస్తే అది దొంగతనం. దొంగలకి పోలీసులున్నారు, కోర్టులున్నాయి. అలాకాక, చేనుకి మేలు చేస్తున్నాననే నమ్మకంతో, మనస్ఫూర్తిగా, నిద్రాహారాలు మాని మరీ మేస్తూంటే? అప్పుడేం చెయ్యాలి?

ఇదేదో మాటల గారడీ అనుకోకండి. అమెరికా సుప్రీంకోర్టు ఇంచుమించు ఈ ప్రశ్న మీదే 2015 ఫిబ్రవరి 25న తీర్పు చెప్పింది. వ్యవహారమంతా దేనిమీద నడిచిందనుకున్నారు? పళ్ళు తెల్లగా చేసుకోవడం మీద!

నార్త్ కరోలినా అని అక్కడొక రాష్ట్రం. మన పిల్లలు అక్కడ కూడా ఉద్యోగాలు చేసుకుంటున్నారు కనక మీలో చాలామందికి ఆ పేరు కొత్త కాదు. ఆ రాష్ట్రంలో దంతవైద్యం చెయ్యాలంటే లైసెన్సు వుండాలి. ఆ లైసెన్సులిచ్చే బోర్డులో ఎనిమిదిమంది సభ్యులు. ఆరుగురు ప్రాక్టీసు చేసుకుంటున్న దంతవైద్యులు. ఒకరు పళ్ళు శుభ్రం చేసే హైజీనిస్టు. ఇంకొకరు మనలాంటి మామూలు మనిషి. ఆ మామూలు మనిషిని గవర్నరు వేస్తారు. దంతవైద్యుల్ని మాత్రం రాష్ట్రంలోని దంతవైద్యులే ఓట్లేసి ఎన్నుకుంటారు. అంటే బోర్డు ప్రభుత్వానిది, అధికారం ప్రభుత్వానిది, కుర్చీల్లో కూర్చునేది మాత్రం ఆ వృత్తిమీద బతికేవాళ్ళు.

1990ల్లో అక్కడి దంతవైద్యులు పళ్ళు తెల్లబరిచే పని మొదలుపెట్టారు. మంచి రాబడి వచ్చింది. 2003 ప్రాంతానికి డాక్టర్లు కానివాళ్ళు కూడా ఈ పనిలోకి దిగారు. షాపింగు మాల్లో చిన్న బల్ల, ఒక కుర్చీ. లేదా బ్యూటీ పార్లర్లో ఓ మూల. డాక్టరు దగ్గరకంటే బాగా చవక. ఇంకేముంది, బోర్డుకి ఫిర్యాదులు రావడం మొదలైంది. ఫిర్యాదు చేసిందెవరు? చిగుళ్ళు మండిన ఆడవాళ్ళా? కాదండీ, దంతవైద్యులు. వాటిలో జనానికి హాని జరుగుతుందేమోనన్నవి ఏవో కొన్నే. చాలావాటిలో వున్న బాధ ఒక్కటే: వీళ్ళు మరీ తక్కువ డబ్బులకి చేసేస్తున్నారు.

2006 నుంచి బోర్డు ఉత్తరాలు రాసింది. ఒకటీ రెండూ కాదు, కనీసం నలభై ఏడు. మీరు చేస్తున్నది దంతవైద్యం, లైసెన్సు లేకుండా చెయ్యడం నేరం, వెంటనే ఆపండి అని. మాల్స్ నడిపేవాళ్ళకి, ఇలాంటివాళ్ళకి చోటివ్వొద్దని మరికొన్ని. పార్లర్లవాళ్ళకి వాళ్ళ బోర్డు చేత ఇంకో హెచ్చరిక. ప్రభుత్వ ముద్ర వున్న కాగితం ఇంటికొస్తే మీరూ నేనూ ఏం చేస్తాం? వాళ్ళూ అదే చేశారు. బల్లలు మడిచేసుకున్నారు.

ఇక్కడో చిన్న మెలిక వుంది. పళ్ళమీది మరకలు తొలగించడం దంతవైద్యమని ఆ రాష్ట్రచట్టంలో రాసి వుంది గానీ, పళ్ళు తెల్లబరచడమన్న మాట ఎక్కడా లేదు. ఈ రెండూ ఒకటేనా అన్న సందేహం వుంటే కోర్టుకి వెళ్ళి జడ్జిగారి చేత చెప్పించుకోవచ్చు. బోర్డు ఆ దారి తొక్కలేదు. తానే చట్టానికి అర్థం చెప్పుకుంది, తానే ఉత్తరం రాసింది. ఆ వ్యవహారం నడిచిన కాలంలో బోర్డులో పనిచేసిన పదిమందిలో ఎనిమిదిమందికి పళ్ళు తెల్లబరచడం మీద చెప్పుకోదగ్గ రాబడి వుందని సుప్రీంకోర్టు తన తీర్పులోనే రాసింది.

వ్యాపారంలో పోటీని కాపాడడానికి 1914లో పెట్టిన ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అనే కేంద్రసంస్థ వుంది అక్కడ. 2010లో ఆ సంస్థ బోర్డు మీద కేసు పెట్టింది. నలుగురు వ్యాపారస్తులు కూడబలుక్కుని అయిదోవాడి కొట్టు మూయిస్తే తప్పవుతుంది కదా, మీరు చేసింది అంతకంటే వేరేనా అని. దానికి బోర్డు జవాబు: మేం వ్యాపారస్తులం కాము, మేమే ప్రభుత్వం.

ఈ జవాబుని కొట్టిపారెయ్యడానికి లేదు. వెనక పాత తీర్పుంది. 1943లో కాలిఫోర్నియాలో ఎండుద్రాక్ష ధర పడిపోకుండా రాష్ట్రప్రభుత్వమే ఒక పథకం పెడితే, ప్రభుత్వం ప్రభుత్వంగా చేసిన పనికి పోటీచట్టం అడ్డురాదని అప్పటి జడ్జీలు చెప్పారు. 1980లో ద్రాక్షసారా ధరల కేసు వచ్చినప్పుడు, ప్రభుత్వం పేరు చెప్పుకుని ప్రైవేటువాళ్ళు చేసే పనులకి ఆ మినహాయింపు కావాలంటే రెండు షరతులు పెట్టారు. పోటీని తగ్గించాలన్నది రాష్ట్రం స్పష్టంగా చెప్పుకున్న విధానం అయివుండాలి. ఆ పనిని రాష్ట్రం దగ్గరుండి కనిపెట్టి చూస్తూ వుండాలి. పళ్ళ కేసులో తేలాల్సిందల్లా ఆ రెండో షరతు దంతవైద్యుల బోర్డుకి కూడా వర్తిస్తుందా అన్నదే. వర్తిస్తుందని ఆరుగురు జడ్జీలు, అక్కర్లేదని ముగ్గురు అన్నారు.

కేసు సంగతి ఇంతే. నన్ను పట్టుకున్నది ఆ ఆరుగురి తరఫున జస్టిస్ కెన్నెడీ రాసిన తీర్పులో ఒక మాట. వృత్తిధర్మమూ, సొంత లాభమూ ఎలా కలిసిపోతాయంటే, ఆ వృత్తిలో వున్నవాళ్ళకే ఏది ఏదో పోల్చుకోవడం కష్టమని ఆయన భావం. బోర్డువాళ్ళు చెడ్డవాళ్ళని అనలేదాయన. వాళ్ళ మనసులో దురుద్దేశం వుందో లేదో తవ్వుకుంటూ కూర్చోనూ లేదు.

దీన్ని నామీదే వేసుకుని చూస్తాను. రేపు నవలలు రాయడానికి లైసెన్సు కావాలని చట్టం వచ్చి, బోర్డులో నన్నూ, నాలాంటి మరో అయిదుగురు రచయిత్రుల్నీ వేశారనుకోండి. మొదటి సమావేశంలో మేం ఏం మాట్లాడుకుంటాం? ఫోన్లో ధారావాహికలు రాస్తున్న అమ్మాయిల గురించి. వాళ్ళకి వాక్యం రాదు, కాగితాలు దిద్దుకునే ఓపిక లేదు, పాఠకుల అభిరుచి చెడిపోతోంది, భాష పాడైపోతోంది. ఇవన్నీ నేను మనస్ఫూర్తిగా అంటాను. ఒక్క అబద్ధం కూడా వుండదు. ఆ అమ్మాయిలకి లక్షల్లో పాఠకులున్నారనీ, నా పుస్తకాలు అటకమీద మూలుగుతున్నాయనీ ఆ గదిలో ఎవరూ అనరు. ఎవరూ అనుకోను కూడా అనుకోరు. సాహిత్యం బాగుకోసమే ఉత్తరాలు పంపుతాం, నలభై ఏడు కాకపోతే తొంభై. ఆ రాత్రి హాయిగా నిద్రపడుతుంది కూడాను.

అందుకే నాకు దొంగల కంటే మంచివాళ్ళంటేనే కొంచెం భయం. దొంగ అటూ ఇటూ చూసుకుంటాడు. మంచివాడికి ఆ అవసరం వుండదు.

మా బాబాయిగారమ్మాయి దంతవైద్యురాలు. ఈ కేసు సంగతి చెబితే తను ఊరుకోలేదు. "అక్కా, నువ్వు కథలు రాసేదానివి, నీకేం తెలుసు? ఆ మందు చిగుళ్ళకి తగిలితే ఎలా మండుతుందో ఎప్పుడైనా చూశావా? పన్ను నల్లబడిందంటే పైన మరకే అయివుండాలా? లోపల నరం చచ్చిపోయి కూడా నల్లబడుతుంది. మాల్లో బల్లేసుక్కూర్చున్న పిల్ల అది చూసి చెప్పగలదా? అయిదేళ్ళు చదివి వచ్చాం మేము" అంది.

తనన్నది అక్షరాలా నిజం. లైసెన్సులన్నీ ఎత్తిపారెయ్యాలని నేను ఒక్కనాటికీ అనను. మా నాయనమ్మకి ఏడు కాన్పులూ మంత్రసాని చేతిమీదే అయ్యాయి. అందులో ఇద్దరు పురిట్లోనే పోయారు. ఆవిడ ముసలితనంలో కూడా ఆ ఇద్దర్నీ లెక్కలోంచి తీసెయ్యలేదు, ఎంతమంది పిల్లలని ఎవరడిగినా ఏడుగురనే చెప్పేది. చదువుకున్న చెయ్యికీ చదువుకోని చెయ్యికీ తేడా ఏమిటో అలాంటి ఇళ్ళలో పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. మన పల్లెల్లో ఆరెంపీ డాక్టరని పిలిపించుకునే చాలామందికి ఆ మూడక్షరాల్లో మొదటిదైన రిజిస్ట్రేషనే వుండదు. అలాంటివాళ్ళు పొడిచిన సూదిమందులతో ఎన్ని కొంపలు మునిగాయో మనకి తెలియంది కాదు.

పైగా, వృత్తి తెలియనివాళ్ళు వృత్తిని ఎలా తూస్తారన్న ప్రశ్న కూడా వుంది. ఆ కేసు విచారణలో జస్టిస్ బ్రేయర్ ఇదే అడిగారు. మెదడుకి ఆపరేషన్ ఎవరు చెయ్యాలో నిర్ణయించే పని మెదడు వైద్యులకే వుండాలనుకుంటాను గానీ, గుమాస్తాలకి కాదన్నారు. అంత అడిగిన ఆయన కూడా చివరికి ఆ ఆరుగురితోనే కలిశారు. ఎందుకంటే కోర్టు డాక్టర్లని బోర్డులోంచి లేచిపొమ్మనలేదు. మాల్లో బల్లలు మంచివనీ అనలేదు. రాష్ట్రం కావాలంటే రేపే శాసనసభలో చట్టం చేసి, పళ్ళు తెల్లబరచడం దంతవైద్యులు మాత్రమే చెయ్యాలని శాసించుకోవచ్చు. అప్పుడది జనానికి జవాబు చెప్పుకోవలసినవాళ్ళు, జనం చూస్తుండగా చేసిన నిర్ణయం అవుతుంది. ఆ ధైర్యం రాష్ట్రం చెయ్యకుండా, ముద్ర మాత్రం ఆరుగురు వృత్తివాళ్ళ చేతిలో పెట్టి వెళ్ళిపోతేనే చిక్కు.

ముద్ర చేతికిస్తే ఏమవుతుందో చూడాలంటే లూయిసియానా రాష్ట్రానికి వెళ్ళాలి. అక్కడ సెయింట్ జోసెఫ్ అనే మఠంలో బెనెడిక్టిన్ సన్యాసులుంటారు. వాళ్ళకి ఆదాయమిచ్చే అడవి 2005లో కత్రినా తుపానుకి దెబ్బతింది. పొట్ట గడవడానికి, తమ మఠంలో చనిపోయినవారికోసం చేసుకునే సాదా చెక్క శవపేటికలనే పైవాళ్ళకీ చేసి అమ్ముదామనుకున్నారు. అంత్యక్రియల వృత్తివాళ్ళ బోర్డు వెంటనే ఆపమంది. తొమ్మిదిమంది బోర్డులో ఆ వృత్తిలో లేనివాడు ఒక్కడే. లైసెన్సున్న ఫ్యూనరల్ డైరెక్టరు తప్ప ఎవరూ పెట్టె అమ్మకూడదట! తమాషా ఏమిటంటే ఆ రాష్ట్రంలో శవాన్ని అసలు పెట్టెలో పెట్టి తీరాలన్న నిబంధనే లేదు. ఇంట్లో చేసుకోవచ్చు, పైరాష్ట్రం నుంచి తెప్పించుకోవచ్చు. సన్యాసి దగ్గర కొంటే మాత్రం నేరం. పోటీచట్టం కిందకాదు గానీ రాజ్యాంగం కింద సన్యాసులు కోర్టుకెక్కారు. 2013లో పై కోర్టు కూడా వాళ్ళ పక్షమే చెప్పింది. ఒక వృత్తివాళ్ళ జేబుల్ని పోటీ నుంచి కాపాడడం, అదొక్కటే కారణమైతే, ప్రభుత్వం చెయ్యవలసిన పని కాదంది.

అంతటితో ప్రభుత్వమంటే పరమపవిత్రం, వృత్తివాళ్ళంటేనే అనుమానం అని తేల్చేస్తే బాగానే వుండేది. మనకి నవ్వూ ఏడుపూ కూడా తెప్పించే సంగతి టెక్సస్‌లో జరిగింది. కనుబొమ్మలు దారంతో తీర్చే పని మన సందు చివర పార్లర్లో అమ్మాయి అయిదు నిమిషాల్లో చేసి పంపిస్తుంది. దారం తప్ప చేతిలో ఇంకేమీ వుండదు. కత్తి లేదు, మందు లేదు. ఆ విద్య మన దేశాలనుంచి వెళ్ళిన ఆడవాళ్ళతో పాటే అక్కడికీ వెళ్ళింది. వాళ్ళ జీవనాధారమూ అయింది. ఈ పని చెయ్యాలంటే 750 గంటల సౌందర్యశాస్త్ర శిక్షణ, పరీక్ష, లైసెన్సు వుండాలని పట్టుబట్టింది అక్కడి ప్రభుత్వశాఖ. బోర్డుల మాటెత్తకండి, ఇది అచ్చంగా ప్రభుత్వమే. అన్నేసి గంటలు ఖర్చుపెట్టి నేర్చుకునేదాంట్లో దాదాపు 320 గంటలు దారంపనికి సంబంధించనివేనని ప్రభుత్వం తరఫువాళ్ళే చివరికి ఒప్పుకున్నారు. 2015 జూన్‌లో టెక్సస్ సుప్రీంకోర్టు ఆ నిబంధన వాళ్ళకి చెల్లదని కొట్టేసింది. కొట్టేసేదాకా ఆ ఆడవాళ్ళు జరిమానాల భయంతో దారం పట్టుకుని ఎన్ని నెలలు వణికారో!

మన దేశం సంగతికొస్తే, కాలు అటు జారితే ఒక గొయ్యి, ఇటు జారితే ఇంకో గొయ్యి అన్నట్టుంది. మెడికల్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో డాక్టర్లు ఎన్నుకున్న డాక్టర్లు కూర్చునేవారు. 2010లో దాని అధ్యక్షుణ్ణి లంచం ఆరోపణ మీద సి.బి.ఐ. అరెస్టు చేశాక కేంద్రప్రభుత్వం కౌన్సిల్‌నే రద్దుచేసి కొత్త మనుషుల్ని వేసింది. చివరికి 2019లో చట్టం మార్చి, 2020 సెప్టెంబరులో నేషనల్ మెడికల్ కమిషన్‌ని తెచ్చింది. ఇందులోనూ డాక్టర్లే ఎక్కువ. అయితే వాళ్ళలో ఎక్కువమందిని ఎంచేది తోటి డాక్టర్లు కాదు, ప్రభుత్వం. వడ్డించేవాడు మనవాడయితే కడబంతిలో కూర్చున్నా ఫరవాలేదంటారు. ఇప్పుడు వడ్డించేవాణ్ణి మార్చారు. బంతిలో చివర కూర్చున్న రోగి సంగతి ఏమయిందన్నది వేరే ప్రశ్న.

అందుకే ఆ అమెరికా తీర్పులో నాకు విలువగా కనిపించింది ప్రభుత్వం చూడాలన్న మాట కాదు, ఎలా చూడాలో చెప్పిన మాట. పైనున్నవాళ్ళు పద్ధతి ప్రకారం సమావేశం జరిగిందా లేదా అని కాకుండా, నిర్ణయంలో సారం ఏమిటో చూడాలి. కాదనడానికీ మార్చడానికీ వాళ్ళకి అధికారం వుండాలి. అధికారం వుందంటే చాలదు, నిజంగా చూసివుండాలి. ఆ చూసేవాళ్ళు అదే బజార్లో అదే సరుకు అమ్ముకునేవాళ్ళు కాకూడదు. మన ఇళ్ళల్లో పిల్లాడి ప్రోగ్రెస్ రిపోర్టు మీద సంతకాలు ఎలా అవుతాయో గుర్తుచేసుకోండి. పొద్దున్నే బస్సు హారను కొడుతుంటే, తండ్రి ఒక చేత్తో కాఫీగ్లాసు పట్టుకుని రెండోచేత్తో సంతకం గీకుతాడు. లెక్కల్లో పన్నెండు మార్కులొచ్చాయని ఆయనకి తెలిసేది ఏడాది చివర. అలాంటి సంతకం కాపలా కిందికి రాదని ఆ జడ్జీలు చెప్పారు.

వ్యతిరేకించిన ముగ్గురి వాదనలో పసలేకపోలేదు. ఇలాంటి వృత్తిబోర్డులు పందొమ్మిదో శతాబ్దం నుంచీ వున్నాయి, వృత్తివాళ్ళే వాటిలో కూర్చుంటున్నారు, ఇన్నాళ్ళూ ప్రభుత్వసంస్థలైనవి ఇవాళ హఠాత్తుగా కాకుండా ఎలా పోతాయని జస్టిస్ అలీటో అడిగారు. బోర్డులో ఎంతమంది వృత్తివాళ్ళుంటే పెత్తనం వాళ్ళదైనట్టు, ఎక్కడ గీత గీస్తారు అని కూడా అడిగారు. ఆ గీత కోర్టు గియ్యలేదు.

అదేదో పళ్ళ డాక్టర్ల గొడవ, మనకెందుకు అనుకుందామా? 2015లో వైట్‌హౌస్ వేసిన నివేదిక ప్రకారం అక్కడ పనిచేసే ప్రతి నలుగురిలో ఒకరికి పైగా ఏదో ఒక లైసెన్సు వుండాల్సిందే. 1950ల్లో నూటికి అయిదుగురికి కూడా అవసరం వుండేది కాదు. కొత్తగా ఆ గేటు ముందు నిలబడేవాళ్ళెవరో ఆలోచించండి. పిల్లలు స్కూలుకి వెళ్ళాక నాలుగు గంటలు ఖాళీ వున్న తల్లి. భర్త ఉద్యోగంతో రాష్ట్రం మారి, ఇక్కడి లైసెన్సు అక్కడ చెల్లక మళ్ళీ మొదటికొచ్చిన నర్సు. చేతిలో దారమో, దువ్వెనో తప్ప పెట్టుబడి లేని ఆడది. ఆ గేటు దగ్గర తాళంచెవి పట్టుకు నిలబడ్డవాడికి తన కొట్టు లోపలే వుంది.

తీర్పు వచ్చాక కొన్ని రాష్ట్రాలు కదిలాయి. ఓక్లహోమాలో అదే ఏడాది గవర్నరు ఉత్తర్వు వేసి, బోర్డుల నిర్ణయాలని అటార్నీ జనరల్‌కి చూపించమన్నారు. జార్జియాలో 2016లో ఆ పని గవర్నరుకే అప్పగించారు. మిసిసిపీలో 2017లో గవర్నరూ, అటార్నీ జనరలూ, సెక్రటరీ ఆఫ్ స్టేటూ కలిసి కూర్చుని బోర్డుల నిబంధనలు చూసే కమిషన్ ఒకటి వేశారు.

ఇదీ చెప్పాను మా చెల్లెలికి. "గవర్నరుకి పళ్ళ సంగతి ఏం తెలుసక్కా?" అంది.

"ఏమీ తెలియకపోవచ్చు. మీరు రాసిచ్చినదే చదువుతారు. దీనివల్ల రోగికేం ఒరుగుతుంది, మీకేం ఒరుగుతుంది అని అడుగుతారు. దానికి పళ్ళ చదువు ఎందుకు?"

"చదవకుండా సంతకం పెట్టేస్తే?"

"ఆ సంతకం మీకు అక్కరకి రాదు. అక్కడి ఆరుగురు జడ్జీలు చెప్పింది అదేగా!"

తను కాసేపు ఆలోచించింది. సందు చివర కొత్తగా ఒక పార్లరు వెలిసిందనీ, పళ్ళు తెల్లబరుస్తామని బోర్డు కట్టారనీ, తనకి తెలిసినవాళ్ళతో చెప్పి అది తీయించాలనుకుంటోందనీ అప్పుడు చెప్పింది. ఎవరికైనా చిగుళ్ళు దెబ్బతిన్నాయా అని అడిగాను. ఇంకా ఎవరూ రాలేదంది. వాళ్ళెంత తీసుకుంటున్నారని అడిగాను. ఆ సంగతి మాత్రం రూపాయలతో సహా తనకి తెలుసు.